అంకె కన్నా ముందు పద్దు: పరపతి నివేదికను చదివే పద్ధతి

రుణం మంజూరు చేసే ముందు ఏ బ్యాంకయినా దరఖాస్తుదారు గురించి రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. అడిగిన అప్పు తీర్చే స్తోమత అతనికి ఉందా అన్నది మొదటిది. ఇదివరకు తీసుకున్న అప్పులను అతను ఏ తీరున తీర్చాడన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జీతం చీటీ, ఆదాయపు పన్ను రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంటు సమాధానమిస్తాయి. రెండో ప్రశ్నకు సమాధానమిచ్చే పత్రమే పరపతి నివేదిక, అంటే క్రెడిట్ రిపోర్టు. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తెలియకపోవడం వల్లనే నెలకు లక్ష రూపాయల జీతం ఉన్న ఉద్యోగి తన దరఖాస్తు ఎందుకు వెనక్కి వచ్చిందో అర్థంకాక తల పట్టుకుంటాడు. అదే శాఖలో పాతికవేల జీతగాడికి బండి లోను ఒక్క పూటలో మంజూరు కావడం చూసి విస్తుపోతాడు.

‘సిబిల్ పడిపోయింది’, ‘సిబిల్ బాగోలేదు’ అన్న మాటలు ఇప్పుడు పల్లెల్లోనూ వినిపిస్తున్నాయి. అయితే ఆ మాట అనేవారిలో ఎక్కువమంది మనసులో ఉండేది మూడంకెల స్కోరే. ఆ స్కోరుకు ఆధారమైన నివేదికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివినవారు ఎందరుంటారు? లెక్కల్లో తేడా వచ్చిన దుకాణదారు అడుగున వేసిన మొత్తం వైపే చూస్తూ కూర్చోడు. పద్దు పద్దుకూ వేలు పెట్టి చూసుకుంటూ పైకి వెళ్తాడు, తేడా ఎక్కడుందో అక్కడ ఆగుతాడు. పరపతి నివేదిక విషయంలో రుణగ్రహీత చేయవలసిన పని కూడా ఇదే. ఇందుకు ఆర్థికశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. ఒక గంట సమయం, ఒక కలం, పాత రుణాల కాగితాలు చాలు.

ఈ పద్దు రాసేది ఎవరు?

భారతదేశంలో ఈ వ్యవస్థకు పునాది 2005 నాటి పరపతి సమాచార సంస్థల (నియంత్రణ) చట్టం. దాని కింద రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన నాలుగు సంస్థలు, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ప్రజల రుణ చరిత్రను భద్రపరుస్తున్నాయి. 2000లో ఏర్పడిన సిబిల్ వీటిలో అన్నింటికన్నా పాతది కావడంతో దాని పేరే మొత్తం వ్యవస్థకు వాడుక పేరైపోయింది.

ఈ సంస్థలు సొంతంగా ఏ సమాచారాన్నీ పుట్టించవు. బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలు, గృహరుణ సంస్థలు, సహకార బ్యాంకులు తమ ఖాతాదారుల రుణాల వివరాలను పంపుతాయి. సంస్థలు వాటిని వ్యక్తుల వారీగా కూర్చి పెడతాయి. ఒకప్పుడు నెలకోసారి పంపే ఈ వివరాలను పదిహేను రోజులకోసారి పంపాలన్న నిబంధన 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. నివేదికలోని తప్పుకు మూలం చాలావరకు రుణమిచ్చిన సంస్థ దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆ సంస్థ ధ్రువీకరించకుండా పరపతి సంస్థ తనంతట తానుగా ఒక్క అంకెను కూడా మార్చదు. అలాగే రుణం ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం పరపతి సంస్థది కాదు. ఆ నిర్ణయం పూర్తిగా బ్యాంకుది.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. నాలుగు సంస్థల లెక్కకట్టే పద్ధతులు వేరు వేరు కాబట్టి ఒకే మనిషికి ఒక చోట 760, మరో చోట 735 కనిపించడం వింతేమీ కాదు. 750 దాటితే మేలైన స్కోరన్న అభిప్రాయం బ్యాంకింగ్ రంగంలో ఉన్నా, రుణానికి ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు ఏ హద్దూ గీయలేదు.

ఏముంటుంది, ఏముండదు?

నివేదికలో స్థూలంగా నాలుగు భాగాలుంటాయి: పేరు, పుట్టిన తేదీ, పాన్ సంఖ్య, చిరునామా, ఫోను నంబర్ల వంటి గుర్తింపు వివరాలు, ఉద్యోగ వివరాలు, ఇప్పటివరకు తీసుకున్న రుణాలు, క్రెడిట్ కార్డుల ఖాతాలు, రుణం కోసం చేసిన దరఖాస్తుల వల్ల నమోదైన విచారణలు. ఇల్లు, కారు, చదువు కోసం తీసుకున్న అప్పులే కాక బంగారం తాకట్టు రుణం, పంట రుణం, సెల్‌ఫోను కొన్నప్పటి వాయిదాల పథకం, యాప్‌లో నొక్కిన ‘ఇప్పుడు కొనండి, తర్వాత చెల్లించండి’ సదుపాయం కూడా ఖాతాలుగానే నమోదవుతాయి. స్వయం సహాయక సంఘాల రుణాలను సభ్యుల వారీగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2016లోనే ఆదేశించినందువల్ల, డ్వాక్రా సంఘంలో తీసుకున్న రుణం ఒక గృహిణి పేరిట కనిపించవచ్చు.

పొదుపు ఖాతాలోని నిల్వ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, భూములు, నగలు నివేదికలోకి రావు. యూపీఐలో జరిపే చెల్లింపులు, బంధువుల దగ్గర పుచ్చుకున్న చేబదులు, ఊరి వడ్డీ వ్యాపారికి రాసిచ్చిన ప్రామిసరీ నోటు కూడా రావు. ఐదెకరాల మాగాణి ఉన్న రైతు, మూడు ఇళ్ళ అద్దెలు వచ్చే పెద్దమనిషి తమ స్కోరు తక్కువగా ఉండటాన్ని అవమానంగా భావించడంలో అర్థం లేదు. ఆస్తిని కొలిచే పని ఈ పత్రానిది కాదు, గడువుకు కట్టారా లేదా అన్నదే దీని లెక్క.

నివేదికను చదివే క్రమం

1. ఉచిత ప్రతిని తెప్పించుకోవాలి. నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి, అంటే జనవరి నుంచి డిసెంబరులోపు, స్కోరుతో సహా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటినీ ఒకే రోజున తెప్పించుకోవడం కన్నా జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, జూలైలో ఒకటి, అక్టోబరులో ఒకటి చొప్పున చూసుకుంటే, పైసా ఖర్చు లేకుండా ఏడాది పొడవునా నిఘా పెట్టినట్లవుతుంది. సొంత నివేదికను తానే చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది అపోహ. సంస్థల వెబ్‌సైట్లలో చందా పథకాలు ముందుగా కంటబడతాయి కనుక ఉచిత నివేదిక కోసం ఉన్న దారిని ఓపికగా వెతకాలి.

2. పేరు, పాన్, పుట్టిన తేదీ సరిపోల్చాలి. తెలుగువారి పేర్ల విషయంలో ఈ మెట్టు ఎంతో ముఖ్యం. ఇంటిపేరు ఒక చోట ముందు, మరో చోట వెనుక ఉంటుంది. ఒక బ్యాంకులో పొడి అక్షరంగా, మరో బ్యాంకులో పూర్తిగా రాస్తారు. ‘వెంకటేశ్వరరావు’ అన్న ఒక్క పేరుకే ఇంగ్లిషు అక్షరాల్లో అరడజను రూపాలుంటాయి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన మహిళల రుణ చరిత్ర రెండు ముక్కలుగా విడిపోయే వీలుంది. పేరు, పుట్టిన తేదీ కలిసిన మరొకరి అప్పు వచ్చి చేరడమూ ఉంది. కాబట్టి పాన్ సంఖ్యలోని పది అక్షరాలనూ ఒక్కొక్కటిగా చూసుకోవాలి. పాత చిరునామాలో ఉమ్మడి రాష్ట్రం పేరో, విభజనకు ముందున్న జిల్లా పేరో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. చిరునామా స్కోరును తగ్గించదు. ఎన్నడూ నివసించని ఊరి చిరునామా, ఎన్నడూ వాడని ఫోను నంబరు కనిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి, ఎందుకంటే మరొకరు ఆ పాన్‌తో అప్పు తీసుకున్నారనడానికి అదే తొలి సూచన కావచ్చు.

3. ఖాతాలకు టిక్కు పెట్టాలి. ప్రతి ఖాతా ఎదుటా అది ఎప్పుడు, ఎందుకు తీసుకున్నదో గుర్తు తెచ్చుకుని టిక్కు పెడుతూ పోవాలి. గుర్తుకు రాని ఖాతా ఉంటే వెంటనే తప్పని తేల్చకూడదు; దుకాణంలో వాయిదాలపై కొన్న ఫ్రిజ్ రుణం దుకాణం పేరుతో కాక, వెనుక నుంచి డబ్బిచ్చిన ఆర్థిక సంస్థ పేరుతో కనిపిస్తుంది. ఖాతా ఏ హోదాలో ఉందో కూడా గమనించాలి: సొంత రుణమా, ఉమ్మడి రుణమా, పూచీకత్తు ఇచ్చిన రుణమా?

4. నెలవారీ గడులను చదవాలి. ప్రతి ఖాతా కింద గరిష్ఠంగా 36 నెలల గడులుంటాయి. సిబిల్ నివేదికలో ఈ వరుసను ‘డీపీడీ’ అంటారు. గడువు దాటి ఎన్ని రోజులైందన్నదే దాని అర్థం. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల బకాయి లేనట్టు. 030 ఉంటే ముప్పై రోజుల జాప్యం ఉన్నట్టు. మూడు ‘ఎక్స్’లుంటే ఆ నెల సమాచారాన్ని బ్యాంకు పంపలేదన్నట్టు. 5వ తేదీన కట్టవలసిన వాయిదాను 25న కట్టిన వ్యక్తి తన దృష్టిలో అదే నెలలో కట్టేశాడు. కానీ 15వ తేదీ నాటి లెక్కలో అది పది రోజుల జాప్యం. జాప్యం 90 రోజులు దాటితే ఖాతాను బ్యాంకులు నిరర్థక ఆస్తిగా, వాడుక మాటలో మొండి బకాయిగా వర్గీకరిస్తాయి. ‘ఎస్ఎంఏ’ అన్న అక్షరాలు ఆ స్థితికి చేరువవుతున్న ఖాతాకు పెట్టే హెచ్చరిక గుర్తు.

5. ఖాతా స్థితిని చూడాలి. ‘క్లోజ్డ్’ అంటే పూర్తిగా తీరిన అప్పు. ‘సెటిల్డ్’ అంటే బాకీ మొత్తం రాకపోయినా బ్యాంకు కొంత వదులుకుని రాజీపడిన అప్పు. ‘రిటెన్ ఆఫ్’ అంటే వసూలు కాదని బ్యాంకు తన లెక్కల్లోంచి కొట్టివేసిన అప్పు. బ్యాంకు లెక్కల్లో కొట్టివేసినంత మాత్రాన రుణగ్రహీత బాధ్యత తీరిపోదు. తీర్చేసిన అప్పు ఇంకా బాకీ చూపుతుంటే అది సవరించదగిన తప్పు.

6. విచారణల జాబితాను చివరగా చదవాలి. రుణం కోసం దరఖాస్తు చేసిన ప్రతిసారీ ఆ సంస్థ నివేదికను తెప్పించుకున్న తేదీ, అడిగిన మొత్తం ఇక్కడ పడతాయి. దరఖాస్తు చేయని సంస్థ పేరు ఇక్కడ ఉందంటే పాన్ కాగితం ఎవరి చేతిలోనో పడిందన్న అనుమానం రావాలి. ఎవరైనా రుణదాత నివేదికను తెప్పించుకున్నప్పుడు ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ ద్వారా తెలియజేయాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు పరపతి సంస్థలను ఆదేశించింది కాబట్టి, ప్రస్తుతం వాడుతున్న ఫోను నంబరే నివేదికలో ఉండేలా చూసుకోవాలి.

అంకె ఎందుకు కదులుతుంది?

స్కోరు లెక్కించే సూత్రాన్ని సంస్థలు పూర్తిగా బయటపెట్టవు. అయినా దాన్ని కదిలించే శక్తులు నాలుగని అందరూ అంగీకరిస్తారు. మొదటిది, అన్నింటికన్నా బలమైనది, వాయిదాల చెల్లింపులో క్రమం. రెండోది వాడకం, అంటే క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంత భాగం వాడుకుంటున్నారన్నది. మూడోది రుణ చరిత్ర వయసు, అందులో తనఖా ఉన్న అప్పులకూ లేని అప్పులకూ మధ్య సమతూకం. నాలుగోది కొత్త దరఖాస్తుల జోరు.

వీటిలో రెండోది చాలామందిని తికమక పెడుతుంది. లక్ష రూపాయల పరిమితి ఉన్న కార్డు మీద నెలకు 80,000 వాడి, గడువులోగా మొత్తం కట్టేసే వ్యక్తి స్కోరు ఎందుకు పెరగదు? బ్యాంకు వివరాలు పంపే నాటికి ఖాతాలో ఉన్న బాకీయే నమోదవుతుంది గనుక, కట్టే అలవాటు ఎంత మంచిదైనా నివేదికలో వాడకం 80 శాతంగా కనిపిస్తుంది. పరిమితిలో 30 శాతం మించకుండా వాడాలన్నది బ్యాంకింగ్ రంగంలో వాడుకలో ఉన్న కొలత. అంతకు మించి ఖర్చు తప్పని నెలలో బిల్లు తయారయ్యే తేదీకి ముందే కొంత సొమ్ము కార్డు ఖాతాకు జమ చేస్తే సరిపోతుంది.

తరచు జరిగే పొరపాట్లు

1. వాడని కార్డును మరిచిపోవడం. బ్యాంకు ప్రతినిధి బలవంతం మీద తీసుకున్న కార్డును ఒక ఉద్యోగి బీరువాలో పడేశాడని భావించవచ్చు. వార్షిక రుసుము 500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 590 రూపాయల బిల్లు వస్తుంది. వాడనే లేదు కదా అని అతను దాన్ని పట్టించుకోడు. మూడు రోజులకు మించి గడువు దాటిన కార్డు ఖాతాను బకాయి పడిన ఖాతాగా బ్యాంకు నమోదు చేయవచ్చు. తర్వాత ఆలస్య రుసుములు, వడ్డీ తోడై ఆ చిన్న మొత్తం పెరుగుతూ పోతుంది. 40 లక్షల గృహరుణానికి 590 రూపాయల బాకీ అడ్డుగోడ అవుతుంది. అక్కరలేని కార్డును రాతపూర్వకంగా మూయించాలి. బాకీ లేని కార్డును మూసేయమని కోరిన ఏడు పనిదినాల్లో మూయని బ్యాంకు, ఆపై రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన చెబుతోంది.

2. రాజీని తీరుదలగా భావించడం. లక్షా యాభై వేల బాకీకి అరవై వేలు కడితే చాలునని వసూలు ప్రతినిధి చెప్పినప్పుడు తొంభై వేలు మిగిలాయన్న సంతోషం కలగడం సహజం. కానీ నివేదికలో పడేది ‘సెటిల్డ్’ అన్న ముద్ర. తర్వాత వచ్చే ప్రతి బ్యాంకు అధికారి దాన్ని చూసి, ఈ వ్యక్తికి ఇచ్చిన అప్పులో కొంత మునిగిపోయిందని చదువుకుంటాడు. కట్టే దారే లేనివారికి రాజీ ఒక మార్గమే. కట్టగలిగినవారు గడువు పెంచమనో, వాయిదాను తగ్గించమనో అడగడం మేలు. ఇదివరకే రాజీపడినవారు మిగిలిన సొమ్ము కట్టి ఖాతాను పూర్తిగా మూయిస్తామని బ్యాంకును రాతపూర్వకంగా కోరవచ్చు.

3. మొహమాటానికి పూచీకత్తు సంతకం పెట్టడం. బావమరిది వాహన రుణానికో, తోటి ఉద్యోగి వ్యక్తిగత రుణానికో హామీదారుగా చేసిన సంతకం నివేదికలో ఖాతాగా చేరుతుంది. అసలు రుణగ్రహీత వాయిదా ఎగ్గొడితే ఆ జాప్యం హామీదారు పరపతిని కూడా దెబ్బతీస్తుంది. కాదనలేని బంధుత్వమైతే, ఆ రుణఖాతా సంక్షిప్త సందేశాలు తనకూ వచ్చే ఏర్పాటు చేయమని సంతకానికి ముందే అడగడంలో తప్పేముంది?

4. ఒకే వారంలో ఐదు చోట్ల దరఖాస్తు చేయడం. ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకు, అదీ కాకపోతే మూడు యాప్‌లు అన్నట్లు తొందరపడేవారి విచారణల జాబితా చూసిన అధికారికి ఆ వ్యక్తి డబ్బుకు విపరీతమైన ఇబ్బందిలో ఉన్నాడన్న భావన కలుగుతుంది. తిరస్కరణ ఎదురైన మరుక్షణం చేయవలసింది మరో దరఖాస్తు కాదు. కారణం అడిగి, నివేదిక తెప్పించుకుని చదవడం.

5. విద్యారుణం పిల్లలదేనని అనుకోవడం. అమెరికాలో చదువు కోసం తీసుకునే రుణంలో తల్లో తండ్రో సహరుణగ్రహీతగా సంతకం చేస్తారు. కోర్సు అయ్యాక కొన్ని నెలల విరామం తీరి వాయిదాలు మొదలైన సంగతిని విదేశంలో ఉన్న విద్యార్థి ఏమరుపాటుగా వదిలేస్తే, ఇక్కడ ఉద్యోగ విరమణకు దగ్గరపడిన తండ్రి నివేదికలోనూ జాప్యం పడుతుంది. మరోవైపు, భారతదేశంలో కూడబెట్టుకున్న మంచి చరిత్ర అమెరికా వెళ్ళగానే దానంతటదే అక్కడి లెక్కల్లోకి చేరదు. ఆ దేశంలో వాడుకలో ఉన్న ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉండే వేరే కొలత, దాన్ని మొదటి మెట్టు నుంచి కట్టుకోవలసిందే.

6. మాఫీ కోసం ఎదురుచూస్తూ వాయిదా ఆపడం. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పంట రుణాల మాఫీ విడతల వారీగా అమలైంది. మాఫీ సొమ్ము ఖాతాలో జమ అయ్యే రోజు వరకు ఆ రుణం బాకీయే కాబట్టి, ప్రభుత్వం కడుతుందన్న నమ్మకంతో రెన్యువల్ చేయించని రైతు ఖాతా గడువు మీరినదిగా నమోదయ్యే ప్రమాదం ఉంది. మాఫీ వర్తించిన రైతు కూడా సొమ్ము జమ అయ్యాక ఖాతా స్థితి మారిందో లేదో నివేదికలో చూసుకోవాలి.

7. ‘స్కోరు పెంచుతాం’ అనేవారికి డబ్బివ్వడం. నిజమైన జాప్యాన్ని చెరిపేసే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. తప్పుడు నమోదును సవరింపజేసే హక్కు ప్రతి రుణగ్రహీతకూ ఉచితంగానే ఉంది. ఇక వారికి ఇచ్చే రుసుము దేనికి? పైగా పాన్, ఓటీపీ అపరిచితుల చేతిలో పెట్టినట్లవుతుంది.

తప్పు కనిపిస్తే ఏం చేయాలి?

1. ఆధారాలు సిద్ధం చేసుకోవాలి. అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ సర్టిఫికెట్, చివరి చెల్లింపు రసీదు, ఖాతా స్టేట్‌మెంటు ముఖ్యమైనవి. అప్పు తీరిన రోజున ఈ కాగితం అడిగి తీసుకోని వారే తర్వాత ఎక్కువ తిప్పలు పడతారు.

2. నివేదిక మీద ఉండే సంఖ్యను రాసుకుని, దాని ఆధారంగా పరపతి సంస్థ వెబ్‌సైటులో అభ్యంతరం నమోదు చేయాలి. అదే రోజున రుణమిచ్చిన సంస్థకు కూడా ఈమెయిల్ పంపాలి. ‘నా స్కోరు తప్పు’ అని రాస్తే ప్రయోజనం ఉండదు. ఫలానా ఖాతా ఫలానా తేదీన తీరింది, నివేదికలో మాత్రం ఇంత బాకీ చూపుతోంది, ఆధారం జతచేయడమైనది అన్నట్లు పద్దును వేలుపెట్టి చూపాలి.

3. తేదీ లెక్కపెట్టాలి. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించాలి. అందులో సరిచేసిన వివరాలు పంపడానికి రుణమిచ్చిన సంస్థకు 21 రోజులు, మిగిలిన పని పూర్తి చేయడానికి పరపతి సంస్థకు 9 రోజులు ఉంటాయి. 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం 30 రోజులు దాటాక రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం రావాలి. యాభయ్యో రోజున పరిష్కారమైన ఫిర్యాదుకు ఇరవై రోజుల జాప్యం కింద 2,000 రూపాయలు, పరిష్కారమైన ఐదు పనిదినాల్లో బ్యాంకు ఖాతాకు చేరాలి. ఆలస్యానికి కారకులెవరైతే వారే ఈ సొమ్ము భరిస్తారు.

4. సవరణకు ఒప్పుకోకపోతే కారణం అడగాలి. విజ్ఞప్తిని తోసిపుచ్చిన రుణసంస్థ అందుకు కారణాన్ని తెలపాలన్నది కూడా నిబంధనే. ఆ కారణం సమంజసంగా లేకపోయినా, 30 రోజుల్లో జవాబే రాకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. పరపతి సంస్థలను 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ పథకం పరిధిలోకి తెచ్చారు. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 14448 నంబరుకు ఫోను చేసి దారి తెలుసుకోవచ్చు.

5. సవరణ జరిగిందని సమాచారం వచ్చాక నివేదికను మళ్ళీ చూడాలి. ఒక సంస్థలో సరిదిద్దిన తప్పు మిగిలిన మూడింటిలో అలాగే ఉండిపోయిందేమో పరిశీలించాలి.

చరిత్ర లేనివారు, చరిత్ర చెడినవారు

ఎన్నడూ అప్పు చేయనివారికి స్కోరే ఉండదు. అప్పు లేకపోవడాన్ని గౌరవంగా భావించే ఇంట్లో పెరిగినవారికి ఇది అన్యాయంగా తోచవచ్చు. అయితే ఇక్కడ ఖాళీ పుటకు చెడు చరిత్ర అని అర్థం కాదు. రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి రుణం కోరేవారి దరఖాస్తును తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. చరిత్రను మొదలుపెట్టదలచినవారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీతో ఇచ్చే క్రెడిట్ కార్డు సులువైన మార్గం: పాతికవేల డిపాజిట్ మీద తీసుకున్న కార్డుతో నెలకు రెండు మూడు వేల ఇంటి సరుకులు కొని, బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేస్తూ పోతే కొన్ని నెలల్లో సున్నాల వరుస ఏర్పడుతుంది. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే జాప్యం పడకపోవచ్చు గానీ మిగతా సొమ్ము మీద వడ్డీ పేరుకుంటుంది.

చరిత్ర చెడినవారు చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. ముందుగా గడువు దాటిన బకాయిలను తీర్చాలి; తర్వాత కార్డు బాకీలను తగ్గించాలి; వాయిదాలు జీతం పడిన మర్నాడే ఖాతాలోంచి వెళ్ళేలా ఏర్పాటు చేసుకోవాలి; కొన్ని నెలల పాటు కొత్త దరఖాస్తుల జోలికి పోకూడదు. పరపతి సంస్థలు సమాచారాన్ని కనీసం ఏడేళ్ళు భద్రపరుస్తాయి కనుక పాత మచ్చ వెంటనే మాయం కాదు. అలాగని నిరాశ పడవలసిన అవసరమూ లేదు. నెలవారీ గడులు 36 మాత్రమే. ప్రతి నెలా కొత్త గడి ఒకటి ముందు చేరుతుంటే పాత గడి ఒకటి వెనుక నుంచి జారిపోతుంది. ఉద్యోగం పోయిన రోజుల్లో పడిన 060, 090 అంకెలు మూడేళ్ళ క్రమశిక్షణ తర్వాత ఆ వరుసలో కనిపించవు.

ఉగాది నాడు పంచాంగంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చూసుకోవడం తెలుగు ఇళ్ళలో అలవాటే. అదే రోజున ఇంట్లో అప్పు ఉన్న ప్రతి ఒక్కరి పరపతి నివేదికనూ తెరిచి, పద్దు పద్దుకూ టిక్కు పెట్టుకునే అలవాటు కూడా చేసుకుంటే ఏడాదికి ఒక గంట ఖర్చవుతుంది. పంచాంగంలోని అంకెలను మార్చడం ఎవరి తరమూ కాదు. నివేదికలో వచ్చే నెల గడిలో మూడు సున్నాలు పడాలా, 030 పడాలా అన్నది మాత్రం ఐదో తేదీలోపు రుణగ్రహీత చేతిలోనే ఉంటుంది.